రెండు బుట్టల ఇప్పపువ్వు

భద్రాచలంలో టీచర్లకు విలువల మీద క్లాసు చెప్పడానికి పొద్దున్నే బస్సెక్కాను. ఏన్కూరు దాటాక అడవి దారిలో టైరు పంక్చరైంది. ఊరికే నిలబడలేక, రోడ్డు పక్కన ఇప్పపువ్వు ఏరుతున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆమె దగ్గర రెండు బుట్టలున్నాయి. ఒకటి దాదాపు నిండింది. రెండోదానిలో పువ్వు అడుగును మాత్రమే కప్పింది.

సాయం చేద్దామని నేనూ వంగి, అవతలి చెట్టు కింద రాలిన పువ్వు దోసిళ్లతో తెచ్చి నిండుబుట్టలో పోశాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో సారూ, గా చెట్టు మా యారాలిది. ఆమె దవాఖానల ఉన్నదని ఆమె పువ్వు గీ బుట్టల వేరే పోస్తున్న. మీరు నా దాంట్ల కలిపిన్రు."

అడవిలో ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిదని నాకేం తెలుసు?

"నాలుగు దోసిళ్లే కదమ్మా, తీసి అందులో వేసెయ్యండి," అన్నాను, కాస్త విసుగ్గానే.

"నాలుగా, అయిదా? మీకు మంచిగ యాదికున్నదా?"

నాకు గుర్తులేదు.

ఆమె తన బుట్టనెత్తి, పొద్దుటి నుంచి ఏరిన పువ్వంతా తోడికోడలి బుట్టలో కుమ్మరించింది. నా ముఖం చూసి ఆమెకే జాలేసినట్టుంది.

"ఫికర్ చెయ్యకున్రి సారూ. నా చెట్టు రేపు మళ్ల రాలుస్తది."

నిజాయితీ గురించి రాసుకున్న మూడు పేజీలు నా సంచిలోనే ఉండిపోయాయి. క్లాసులో ఆ రెండు బుట్టల సంగతే చెప్పాను. పువ్వు కలిపింది నేనేనని కూడా చెప్పాను.