పదకొండో పేరు

మార్చి నెల రెండో శనివారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మొదలైంది నా చేతుల మీదుగా జరిగిన ఘోరం. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు. ఇప్పుడు డెబ్బై ఒకటి కాబట్టి చిన్నతనం కింద కొట్టేయమని అడగొచ్చు. అడగను. లెక్కలో తప్పుకు వయసు సాకు కాదని ముప్పై ఏళ్ళు బడిపిల్లల చెవులు మెలేసినదాన్ని.

సింగపూర్‌లో మా తెలుగువాళ్ళ క్రికెట్ జట్టుకు నేను స్కోరర్‌ని. చోవా చూ కాంగ్‌లో ఉండే మా అల్లుడి వెంట ఒకసారి గ్రౌండుకు వెళ్ళి, వాళ్ళు స్కోరు రాసే తీరు చూడలేక పుస్తకం లాక్కున్నాను. ఆనాటి నుంచి ఒక్క పరుగు గల్లంతైతే ఒట్టు. నన్ను చూస్తే అంపైర్లు నిటారుగా నిలబడేవారు. సరే, ఒక్కరే నిలబడేవారు.

మా జట్టు రిజర్వు కీపరు అప్పలరాజు. శ్రీకాకుళం మనిషి, తువాస్‌లో ఓడలకు వెల్డింగు చేస్తాడు. ఆరేళ్ళలో నాలుగు జట్లు మారాడు, ఎక్కడికెళ్ళినా రెండో కీపరే. అతను చేరిన జట్టులో మొదటి కీపరుకు జలుబు కూడా చేయదు. మా దగ్గర నలభై ఒక్క శనివారాలు ప్యాడ్లు కట్టాడు, విప్పాడు, నీళ్ళు మోశాడు. ఆడింది సున్నా. పని పర్మిట్ అయిపోయి వచ్చే గురువారం ఊరెళ్ళిపోతున్నాడు. ఇదే ఆఖరి మ్యాచ్.

ఆ ఉదయం ప్రాక్టీసులో బంతి తగిలి మొదటి కీపరు వేలు వంకాయలా వాచింది. కెప్టెన్ కిరణ్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, ఆ పేరు కొట్టేసి అప్పలరాజును రాయండి. టాస్‌కు ఇరవై నిమిషాలే ఉంది!"

చెప్పి, వేలికి ఐసు పెట్టడానికి పరుగెత్తాడు. నేను అంపైర్‌కు ఇచ్చే పేర్ల కాగితంలో మొదటి కీపరు పేరు కొట్టేశాను. గడియారం చూసి పెన్ను మూసేశాను.

"ఏటమ్మా, రాయరా?" అన్నాడు అప్పలరాజు.

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. ఊరి నుంచి తెచ్చిన మా వంటింటి క్యాలెండర్‌లో ఉంది. ఆరేళ్ళకు పడుతున్న పేరు, రాహుకాలంలో పెడతానా?"

"పర్లేదమ్మా, రాసేయండి."

"నువ్వు ఊరుకో. నీ మంచికే."

ఈలోగా కిరణ్ వచ్చి కాగితం అందుకుని, చూడకుండానే సంతకం గీకేశాడు. "ఆగు నాయనా" అనేలోపు అంపైర్ దగ్గరున్నాడు. పోనీలే, మనిషి ఎదురుగా ఉన్నాడు, పేరు తర్వాత కలపొచ్చు అనుకున్నాను. టాస్ గెలిచి మనవాళ్ళే బ్యాటింగ్‌కు దిగారు. ఇంకేం తొందర?

సరిగ్గా పదిన్నరకు పెన్ను పట్టుకుని అంపైర్ దగ్గరకు వెళ్ళాను.

"కాగితంలో పది పేర్లే ఉన్నాయండీ. టాస్ అయ్యాక చేర్చాలంటే అవతలి కెప్టెన్ ఒప్పుకోవాలి" అన్నాడాయన.

అవతలి కెప్టెన్ గుంటూరు కుర్రాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆంటీ, పోయిన నెల మావాడు రైలు తప్పి ఆలస్యంగా వస్తే, టాస్ అయ్యాక పేరు చేర్చకూడదు అన్నదెవరండీ?"

"నేనే."

"రూలంటే రూలే అన్నదెవరు?"

"అదీ నేనే."

"మరింకేం?"

మేము పదిమందితో ఆడాం. కిరణ్ కీపింగ్ చేశాడు. చేశాడనడం మర్యాద కోసం. బంతి ఒక వైపు, ఆయన ఒక వైపు. బౌండరీ దగ్గర నీళ్ళ సీసాలతో కూర్చున్న అప్పలరాజు, ప్రతి బంతికీ కూర్చున్నచోటే చేతులు కదిపాడు. అది నేను పుస్తకంలో రాయలేదు. రాయడానికి గడి లేదు.

సాయంత్రం అతను ప్యాడ్లు సంచిలో సర్దుకుంటుంటే దగ్గరకు వెళ్ళాను.

"ఏదో రాహుకాలం అడ్డొచ్చింది, నాయనా."

అతను సంచి మూతి బిగించాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. ఇక్కడ సూరీడు ఏడింటికి గానీ లెగడు కదా. మా డార్మిటరీలో పూజారిగారబ్బాయి ఉన్నాడు. ఈ ఊళ్ళో శనివారం రాహుకాలం పది దాటాకే అంతాడు."

మా క్యాలెండర్ లెక్క ఆరింటికి లేచే మన ఊరి సూర్యుడిది. నేను వేళ్ళ మీద లెక్క వేశాను. రెండోసారి కూడా వేశాను. నేను పెన్ను మూసింది మంచి ఘడియలో. తెరిచింది అసలైన రాహుకాలంలో.

"మరి పొద్దున్నే చెప్పొద్దటయ్యా!"

"తవరు లెక్క తప్పరు కదమ్మా. ఆడే తప్పు సెప్పాడనుకున్నాను."

ఇకమీదట ఏ ఊళ్ళో ఉన్నా, ఆ ఊరి సూర్యుడు ఎన్నింటికి లేచాడో కనుక్కోకుండా రాహుకాలం మాట ఎత్తనని స్కోరు పుస్తకం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను.

పోయినవి: కీపరు చేతికి చిక్కక బైలుగా ఇరవై ఏడు పరుగులు. పదకొండు పరుగుల తేడాతో ఒక మ్యాచ్. అప్పలరాజు ఆరేళ్ళలో ఆడగలిగిన ఒకే ఒక్క రోజు.