మూడో రోజు పులుసు

మా ఫ్రిజ్ తలుపు తీసి చూసినవాళ్ళంతా ఒకటే మాట అంటారు. "తిండి గురించి అంత మాట్లాడతావు, ఇందులో తినడానికేముంది?" నిజమే. గోంగూర కట్టలు, పచ్చిమిరపకాయలు, దోసకాయ, అల్లం, పెరుగు, ఉప్పూ పసుపూ రాసిన చేపముక్కలు. వండిన గిన్నె మాత్రం ఒక్కటీ ఉండదు. పప్పైనా పులుసైనా ఏ పూటది ఆ పూటే. ఎందుకని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు.

మా అమ్మ అద్దంకి దగ్గర ఒక ఆసామి కల్లంలో మిరపకాయలు ఏరేది. ఎర్రటి కాయలు ఒక కుప్ప, రంగు పోయిన తాలుకాయలు ఒక కుప్ప. ఎంత రాశిలో ఉన్నా తాలుకాయ ఆమె కన్ను దాటిపోయేది కాదు. సాయంత్రం పని దిగేముందు ఆసామి భార్య, మధ్యాహ్నం మిగిలిన కూర అమ్మ గిన్నెలో పోసేది. దాన్ని దయ అని నేనెప్పుడూ అనుకోలేదు. ఉంచుకుంటే తెల్లారేసరికి పాడైపోతుంది, అంతే. కానీ కూర మంచిది. పప్పులో గోంగూర ఎంత పడాలో, పులుసు ఎంతసేపు మరగాలో నా నాలుకకు తెలిసింది ఆ గిన్నెలోంచే.

నేను పదో తరగతిలో ఉండగా వాళ్ళింటికి ఫ్రిజ్ వచ్చింది. సగం ఊరు వెళ్ళి చూసొచ్చింది. దాంతో మా గిన్నె రాత మారింది. బాగున్నన్నాళ్ళూ కూర ఫ్రిజ్‌లో, వాళ్ళకు తినబుద్ధి కానప్పుడు మా గిన్నెలో. ఆదివారం వండిన మాంసం గురువారం మాకొచ్చేది, రాయిలా గడ్డకట్టి. "పొద్దున వండిందేనే, పిల్లకు పెట్టు" అనేది ఆవిడ. రాశిలో తాలుకాయను పట్టే మనిషికి ఆ అబద్ధం తెలియదా? అయినా అమ్మ నోరెత్తలేదు. వద్దంటే మర్నాడు కల్లానికి పిలుపు ఉండదు.

ఒకసారి ఆ మాంసం తిని రెండు రోజులు వాంతులు చేసుకున్నాను. అప్పట్నుంచి అమ్మ ఆ కూరను ఇంటికి తెచ్చి, దొడ్లో గుంట తీసి పూడ్చేది. కుక్కలు కెలికితే ఎవరైనా చూస్తారని పైన మట్టి తొక్కేది. గిన్నె తోముకుని మర్నాడు పనికి పోయి, "కూర బాగుందమ్మగారూ" అనేది. నాకు పట్టరాని కోపం వచ్చేది.

"సిగ్గు లేదటే నీకు? ఆ గిన్నె ఆవిడ మొహాన కొట్టి రా!"

"కొట్టొస్తాలే. రేపు పొయ్యిలోకి, పొయ్యి మీదకి నువ్వు తేవే."

నేను అన్నం ముందునుంచి లేచిపోయేదాన్ని.

టీచరు ఉద్యోగం వచ్చి చీరాలలో కాపురం పెట్టిన ఏడే నేనూ ఫ్రిజ్ కొన్నాను. అమ్మ అప్పటికి లేదు. చేపల పులుసు మర్నాటికే రుచి కదా, దాకెడు వండి దాచుకునేదాన్ని. ఒకసారి మూడో రోజుకు నాకే మొహం మొత్తింది. పారెయ్యడానికి మనసొప్పలేదు. అంట్లు తోమడానికొచ్చే ఆవిడకు గిన్నెలో పోసిచ్చాను. ఆవిడ మూత తీసి చూసింది.

"ఎప్పటిది టీచరమ్మా?"

మా అమ్మ ఒక్కనాడూ అడగలేకపోయిన మాట అది.

"నిన్నటిదే. పిల్లలకు పెట్టు" అన్నాను.

నాలుక కాస్తయినా తడబడలేదు. ఆ క్షణంలో నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. గిన్నె వెనక్కీ తీసుకోలేదు. టీచరమ్మను కదా, పరువు అడ్డొచ్చింది. ఆవిడ మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆ గిన్నె తళతళా తోమి తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టింది.

"కూర బాగుంది టీచరమ్మా" అంది.