బ్యాలెన్స్ ప్లేట్

2023 డిసెంబరు. మంగళగిరి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఇండోర్ స్టేడియంలో స్కూలు, ఇంటర్ పిల్లలకి రోబోటిక్స్ పోటీలు. నేను విజయవాడలో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాప్‌లో ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆకురాయి పట్టడం, బెజ్జం కొట్టడం, బోల్టు బిగించడం నేర్పించే ఉద్యోగం. ఈ పోటీలు పెట్టినప్పుడల్లా ఇన్‌స్పెక్టర్‌గా రమ్మని కబురొస్తుంది. మెడలో ఒక ట్యాగ్ వేస్తారు, మధ్యాహ్నం భోజనం పెడతారు, అంతే. అయినా వెళ్తాను. ఆదివారం ఇంట్లో కూచుంటే మా ఆవిడ బూజులు దులపమంటుంది.

ఇన్‌స్పెక్షన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. బరిలోకి దిగే ముందు ప్రతి రోబో నా టేబుల్ మీదికి రావాలి. కాటా మీద పెట్టి బరువు చూస్తాను. సైజు కొలిచే చెక్కపెట్టెలో పట్టిందో లేదో చూస్తాను. చెయ్యి కోసుకుపోయే అంచులున్నాయేమో వేలు పెట్టి తడిమి చూస్తాను. బ్యాటరీ గట్టిగా కట్టారా, ఫ్యూజు ఉందా చూస్తాను. అన్నీ సరిపోతే ఆకుపచ్చ స్టిక్కర్ అంటిస్తాను. స్టిక్కర్ లేని రోబోని బరి దగ్గరికి రానివ్వరు. ఇందులో నాకు గిట్టని రూల్ ఒక్కటే. ఏది తప్పో ఇన్‌స్పెక్టర్ చెప్పొచ్చు గానీ, దాన్ని ఎట్టా సరిచెయ్యాలో చెప్పకూడదు. ప్రశ్న వెయ్యొచ్చు, సలహా ఇవ్వకూడదు. ఇన్నేళ్ళుగా పిల్లల చేతిలో ఆకురాయి లాక్కుని "ఇట్టా కాదురా, ఇటు చూడు" అనే అలవాటున్న మనిషికి ఇంతకన్నా శిక్ష ఇంకోటుండదు.

ఆ ఏడు అందరి నోటా ఒకటే పేరు, టీమ్ బ్యారేజ్. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జూనియర్ కాలేజీ పిల్లలు. వాళ్ళ కెప్టెన్ లహరి, ఇంటర్ రెండో సంవత్సరం. సన్నగా ఉంటుంది, గలగలా మాట్లాడుతుంది, స్క్రూడ్రైవర్‌ని జడలో దోపుకుని తిరుగుతుంది. అంతకుముందు ఏడాది వీళ్ళు పోటీలో నెగ్గారు. నెగ్గినవాళ్ళు చాలామందే ఉంటారు. వీళ్ళు నెగ్గి ఊరుకోకుండా ఆదివారాలు బస్సెక్కి ఊళ్ళు తిరిగారు. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, ఎక్కడ ఏ హైస్కూలు పిలిస్తే అక్కడికి తమ రోబోని గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళి, విప్పి చూపించి, ఆ పిల్లల చేత చేయించి వచ్చారు. ఆ రోజు స్టేడియంలో సగం టీములు వాళ్ళ చేతుల మీద పుట్టినవే. పిల్లలు "లహరక్కా, లహరక్కా" అని ఆమె వెనకాలే తిరుగుతున్నారు.

ఇట్టా వేరే టీముల్ని నిలబెట్టిన వాళ్ళకి స్ఫూర్తి అవార్డు అని ఒకటి ఇస్తారు. పోటీ నెగ్గినదానికన్నా అది పెద్దది. అది వస్తే జాతీయ పోటీలకి వెళ్ళొచ్చు. ఇంటర్ అయిపోతే వయసు దాటిపోతుంది కాబట్టి లహరికి అదే ఆఖరి అవకాశం. అందరూ ఆ అవార్డు వాళ్ళదేననుకున్నారు. నేనూ అనుకున్నాను.

పొద్దున్నే వాళ్ళ రోబో నా టేబుల్ మీదికి వచ్చింది. శుభ్రమైన పని, ముచ్చటేసింది. ముందుభాగంలో ఎడం పక్కన అరచేతంత అల్యూమినియం ప్లేటు ఒకటి బోల్టులతో బిగించి ఉంది. అంచులు చూద్దామని కింద వేలు పెట్టాను. ప్లేటు చాటున, చట్రం తాలూకు ఇనుప ఛానల్‌కి అడ్డదిడ్డంగా బెజ్జాలు తగిలాయి. మోటారు బిగించడానికి ఎవరో కొలత తప్పు కొట్టి, పక్కన మళ్ళీ కొట్టి, చివరికి మూడోచోట బిగించారు. నాకు ఇది రోజూ కనిపించే వ్యవహారమే.

"ఇదెందుకమ్మా?" అనడిగాను.

"బ్యాలెన్స్ ప్లేట్ సార్. మలుపులో రోబో పక్కకి ఒరక్కుండా," అంది టక్కున.

రూల్స్‌లో ఎక్కడా అతుకు వెయ్యకూడదని లేదు. స్టిక్కర్ అంటించాను.

తర్వాత వచ్చిన టీము రోబోకీ ఎడం పక్కన అదే ప్లేటు ఉంది. దాని తర్వాత వచ్చినదానికీ ఉంది. ఒకళ్ళు స్టీలుతో చేశారు, ఒకళ్ళు చెక్కతో చేసి వెండిరంగు వేశారు. అడిగితే అందరిదీ ఒకటే పాఠం: "బ్యాలెన్స్‌కండీ." వేలు పెడితే కింద నున్నగా ఉంది, ఒక్క బెజ్జం లేదు. దెబ్బ తగలకుండానే కట్టు కట్టుకొచ్చారు పిల్లలు! నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ సీసా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ నవ్వు చల్లపల్లి పిల్లలు వచ్చేదాకానే. టీమ్ లంక అని పేరు పెట్టుకున్నారు. కెప్టెన్ మెర్సీ, తొమ్మిదో తరగతి. పక్కన దుర్గ, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దుర్గ వాళ్ళది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబం. రోబో నెత్తిన రంగు కాగితంతో చేసిన క్రిస్మస్ స్టార్, ముందుభాగంలో చిన్న వల, ఎడం పక్కన మామూలే, ఆ ప్లేటు. ఆ ఏడు ఆటలో రోబో బంతులు ఎత్తి బుట్టలో వెయ్యాలి. అందరూ ప్లాస్టిక్ ట్రేలు పెట్టుకొచ్చారు. ట్రేలో పడ్డ బంతి ఎగిరి బయటికి పోతుంది. వీళ్ళు ఇనుప తీగని గుండ్రంగా వంచి దానికి నైలాన్ వల కట్టారు. బంతి అందులో పడితే ఇక ఎగరదు. స్టేడియం మొత్తంలో నేను చూసిన సొంత ఆలోచన అదొక్కటే.

కాటా మీద పెట్టాను. పరిమితి కన్నా ఓ కోడిగుడ్డంత ఎక్కువ.

"బరువెక్కువైంది. భోజనాల లోపు తగ్గించి తీసుకురండి. తర్వాత ఇన్‌స్పెక్షన్ ఉండదు," అన్నాను.

ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. ముందు స్టార్ పీకారు. కాగితం స్టార్‌కి బరువేముంటుంది, కాటా మీద అంకె కదల్లేదు.

"వల తీసేద్దామే," అంది మెర్సీ.

"వల తీసేస్తే బంతులు దేంతో ఎత్తుతాం? మా మావయ్య పనిమానుకుని మరీ అల్లిచ్చాడే!"

"ట్రే పెట్టుకుందాం, అక్కావాళ్ళ లాగా. ట్రే తేలిక."

"ఆ ప్లేటు తీస్తే పోలా?"

"పిచ్చా నీకు? అది తీస్తే రోబో తిరగబడిపోద్ది. లహరక్కే చెప్పింది."

నాకు నాలిక దురద పుట్టింది. ఒక్క మాట చెబితే పని అయిపోతుంది. చెబితే నా ట్యాగ్ పీకుతారు, పీకితే పీకారు. కానీ వాళ్ళ స్టిక్కర్ కూడా చెల్లదు. పళ్ళు కొరుక్కుంటూ కూచున్నాను. మెర్సీ కటింగ్ ప్లేయర్ తెచ్చింది. వల తీగ మొదట్లో పట్టించి, మళ్ళీ ఎందుకో ఆగి, "ఉండవే, ఎక్కడ కొయ్యాలో అక్కనడుగుదాం" అని ఎవర్నో పంపింది.

లహరి వెంటనే పరిగెత్తుకొచ్చింది. ఎవరు పిలిచినా అట్టాగే వస్తుంది, ఆ గుణం కాదనను. ఆమె వెనకే స్ఫూర్తి అవార్డు జడ్జి గారు కూడా వచ్చారు. పెద్దావిడ, ఏదో కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. టీములు ఒకదానికొకటి ఎట్టా సాయపడుతున్నాయో స్వయంగా చూడాలని చేతిలో ట్యాబ్ పట్టుకుని తిరుగుతున్నారు.

"చూశారా మాస్టారూ, ఈ అమ్మాయి డిజైను జిల్లా అంతా పాకింది," అన్నారావిడ నాతో, ప్లేటు చూపిస్తూ. "పొద్దున ఇంటర్వ్యూలో దీని గురించి ఎంత చక్కగా చెప్పిందో!"

లహరి తల వంచుకుంది. సిగ్గు పడుతోందని జడ్జి గారు అనుకుని ఉంటారు.

"అక్కా, బరువెక్కువైందంట. వల కోసేస్తున్నాం. ఎక్కడ కొయ్యమంటావో చెప్పు," అంది మెర్సీ. దుర్గ అటు తిరిగి నిలబడింది, కోస్తుంటే చూడలేక.

సలహా ఇవ్వకూడదు గానీ ప్రశ్న వెయ్యొచ్చు కదా. "ఒక్క నిమిషం ఆగమ్మా. ఆ ప్లేటు ఎందుకు?" అన్నాను మెర్సీతో.

"బ్యాలెన్స్‌కండీ."

"దేన్ని బ్యాలెన్స్ చేస్తోంది?"

మెర్సీ లహరి వైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా."

లహరి జడ్జి గారి వైపు చూసింది. తర్వాత వల వైపు చూసింది. నేను ఆమె చేతుల వైపు చూస్తున్నాను. వర్క్‌షాప్‌లో అబద్ధం చెప్పే కుర్రాడు చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. ఈమె జడలోంచి స్క్రూడ్రైవర్ తీసింది.

"అది బ్యాలెన్స్ ప్లేట్ కాదు మెర్సీ," అంది. "మేం బెజ్జాలు తప్పు కొట్టాం. అవి కనపడకుండా మూశాం. నీ రోబోకి తప్పుల్లేవు, నీకది అక్కర్లేదు. వల ముట్టుకోకు."

మాట స్పష్టంగానే వచ్చింది. జడ్జి గారు ట్యాబ్ మీద రాస్తున్నది ఆపేశారు.

మెర్సీ కటింగ్ ప్లేయర్ టేబుల్ మీద పడేసింది. ఒక్కసారిగా విరుచుకుపడింది. "మరి మాకెందుకు చెప్పావక్కా అట్టాగ? ఆ రేకు కోసం మా నాన్న నాలుగు షాపులు తిరిగాడు. రంపంతో కోస్తా వేలు తెగ్గోసుకున్నాడు. నువ్వు చెప్పావనే కదా!"

"మొదట్లో ఒకళ్ళెవరో అడిగితే నోటికొచ్చింది చెప్పేశాను. తర్వాత అందరూ అదే అడిగారు. అందరూ అక్కా అక్కా అంటుంటే... తప్పు కొట్టామని చెప్పుకోలేకపోయా," అంది లహరి. కళ్ళనీళ్ళు కారిపోతున్నా తుడుచుకోకుండా బోల్టులు విప్పుతోంది.

ప్లేటు ఊడింది. మళ్ళీ కాటా మీద పెట్టాం. వలతో సహా పరిమితి లోపలే ఉంది. స్టిక్కర్ కాస్త గట్టిగానే అంటించాను. నాకంత సంతోషం వేసింది, దాచుకోవడం దేనికి? దుర్గ స్టార్‌ని కూడా మళ్ళీ నెత్తిన పెట్టేసింది.

లహరి అంతటితో ఆగలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని ప్రతి టీము టేబుల్ దగ్గరికీ వెళ్ళి అదే మాట చెప్పింది. కొందరు నవ్వి ప్లేటు పీకేశారు. కొందరు ముఖం మాడ్చుకున్నారు. ఒక స్కూలు మాస్టారైతే అసలు ఒప్పుకోలేదు. "నీకేం తెలుసమ్మా, మాకు దానివల్ల బ్యాలెన్స్ బ్రహ్మాండంగా ఉంది. ముట్టుకోమాక," అని రోబోకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ ప్లేటుతోనే ఆడారు వాళ్ళు.

టీమ్ లంక సెమీస్‌లో ఓడిపోయింది. మోటారు వైరు ఊడి. వల మాత్రం ఒక్క బంతిని కూడా జారనివ్వలేదు. జనం లేచి నిలబడి చూశారు.

స్ఫూర్తి అవార్డు వేరే టీముకి వెళ్ళింది. బయట టీ తాగుతున్నప్పుడు జడ్జి గారు తనంతట తనే చెప్పారు. "ఇంటర్వ్యూలో చెప్పింది అబద్ధమని తేలాక ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు మాస్టారూ. పొద్దున్నే చెప్పుంటే వేరే సంగతి. నాకూ మనసొప్పలేదు." ఆవిడ తప్పేం లేదు. అయినా నాకా టీ చేదుగా అనిపించింది.

సామాన్లు సర్దుకుంటున్న లహరి దగ్గరికి వెళ్ళాను. "బాధగా ఉందా అమ్మా?" అన్నాను.

"ఉండదా మరి?" అంది. అని టూల్ బాక్స్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంతకీ ఇందులో నేను నేర్చుకున్నదేంటంటే, పిల్లలు ఒకర్ని చూసి నేర్చుకునేటప్పుడు ఏది పనితనమో ఏది అతుకో ఏరుకోరు. మొత్తం ఎత్తుకుపోతారు. అందుకని వర్క్‌షాప్‌లో ఇప్పుడు నా చెయ్యి జారి కొలత తప్పితే, ఆ ముక్కని మూల పారెయ్యకుండా బల్ల మీదే పెడుతున్నాను. ఎక్కడ తప్పిందో పిల్లల్నే వెతకమంటాను. వాళ్ళకి అదంటే మహా సరదా.

మరుసటి ఏడాది లహరి ఇంజనీరింగ్‌లో చేరింది. ఊళ్ళు తిరిగే పని మెర్సీ, దుర్గ అందుకున్నారు. వాళ్ళ కొత్త రోబో నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు చూస్తే, ఛానల్ మీద తప్పు బెజ్జాలు మూయకుండా అట్టాగే వదిలేసి, చుట్టూ ఎర్ర పెయింటుతో సున్నా చుట్టారు. అడిగితే, "ఇవి మా తప్పులండీ. వేరేవాళ్ళు చూసి ఇక్కడ కొట్టకుండా," అంది మెర్సీ. ఆకుపచ్చ స్టిక్కర్ ఆ ఎర్ర సున్నాల పక్కనే అంటించాను.

కాసేపటికి అవనిగడ్డ వైపు నించి ఓ కొత్త టీము వచ్చింది, అందరూ ఆరో తరగతి పిల్లలే. వాళ్ళ రోబోకీ ఎర్ర సున్నా ఉంది. వేలు పెట్టి చూశాను. కింద బెజ్జం లేదు, ఏమీ లేదు, నున్నటి ఇనుము.

"ఇదెందుకమ్మా?"

"మెర్సీ అక్కావాళ్ళకి ఉంది కదండీ," అన్నారు గర్వంగా.

ఇంకేదో సర్దుకుంటూ పక్కనే ఉన్న మెర్సీ ఆ మాట విని గబగబా వచ్చింది. రోబో ముందు గొంతుక్కూచుంది.

"ఇక్కడ ఏం తప్పు చేశార్రా మీరు?"

"ఏం చెయ్యలేదక్కా."

మెర్సీ సంచిలోంచి థిన్నరు సీసా, గుడ్డపేలిక తీసి వాళ్ళ చేతిలో పెట్టింది.

"అయితే తుడిచెయ్యండి. చేసినప్పుడు పెట్టుకుందురు గాని."