సొరబుర్రలో నాయనమ్మ

పద్దెనిమిదేళ్లప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో లోటు కనిపిస్తుంది. కొందరికి రంగు తక్కువైందని దిగులు, కొందరికి ఎత్తు తక్కువైందని దిగులు. నాకేమో బేస్ తక్కువైందని దిగులు. నాకు కాదు లెండి, నా పాటల డబ్బాకు. ముక్కోటికి భద్రాచలం వెళ్లినప్పుడు నడిబజార్లో ఏడ్చి, రాగాలు పెట్టి నాన్నతో కొనిపించుకున్న అరచేతి డబ్బా అది. మెమరీ కార్డు వేస్తే పాడేది, ఎర్ర మీట నొక్కితే మన మాటలు రికార్డు కూడా చేసేది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఎంత గొప్ప గాయకుడైనా అందులో దూరాడంటే పడిశం పట్టినట్టు ముక్కుతోనే పాడేవాడు. (చెవిలో శనగగింజంత పెట్టుకుని తిరిగే ఇప్పటి పిల్లలకు ఆ బాధ చెప్పినా అర్థం కాదు.)

ఇంటరు పరీక్షలు అయిపోగానే నాన్న నాకో పని అప్పజెప్పాడు. మా మొక్కజొన్న చేను అడవి పక్కనే. కంకి పాలు పోసుకుంటే చాలు, కోతులు మందలు మందలుగా దిగేవి. "చేను నీ చేతుల పెడుతున్న. పంట ఇంటికొస్తే ఖమ్మంల డిగ్రీ. కోతుల పాలైతే మాత్రం నన్నేం అడగొద్దు" అని తేల్చేశాడు. డిగ్రీ కోసం కోతులతోనే కాదు, పులితోనైనా తలపడతానని మంచె ఎక్కాను. ఎక్కాక పొద్దంతా ఏం చేయాలి? పాటలు వినాలి. వినాలంటే బేస్ కావాలి.

ముందు డబ్బాను స్టీలు బిందెలో పెట్టాను. గాయకుడు బావిలో పడి కేకలేస్తున్నట్టు వినిపించింది. బియ్యం డబ్బాలో పెడితే గొంతు మూసుకుపోయింది. చివరికి నాయనమ్మ విత్తనాలు దాచుకునే ఎండిన సొరబుర్ర మీద నా కన్ను పడింది. బతిమాలితే గింజలు గుమ్మరించి ఇచ్చింది గానీ, "ఏందే పిల్లా, ఇండ్ల ఎవర్ని దాస్తవే?" అని అనుమానంగా అడిగింది. బుర్రకు గుండ్రంగా కంత కోసి, ఆటో నడిపే మేనమామ పారేసిన పాత స్పీకరు అందులో బిగించాను. సందుల్లో తేనె మైనం మెత్తి, లోపల పత్తి కూరి, డబ్బా తీగలు కలిపాను. అబ్బ, ఏం చెప్పను! డప్పు దెబ్బ పడితే మంచె కర్రలు కూడా అదిరాయి.

ఆ బేస్‌లో నా గొంతు ఎంత బాగుంటుందోనని ఆశ పుట్టింది. ఎర్ర మీట నొక్కి, కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాను. నేను పల్లవిలో ఉండగానే కోతులు చేలో దిగాయి. సరిగ్గా అప్పుడే సద్ది తెచ్చిన నాయనమ్మ చూసి గొంతెత్తింది. "ఓరి దొంగ సచ్చినోడా! ఎవని చేనని వచ్చినవ్‌రా? నీ అయ్య జాగీరా? సిగ్గు శరం లేదా? జరుగు, ఆవలికి జరుగు!" కోతులు తోకలు లేపుకుని పరుగో పరుగు.

నా పాట పోయింది గానీ తిట్లన్నీ డబ్బాలో పడ్డాయి. వేసి చూస్తే, సొరబుర్రలోంచి వచ్చిన నాయనమ్మ సాక్షాత్తూ అమ్మోరే! చెట్టెక్కిన కోతులు కూడా అడవిలోకి పరుగు లంకించుకున్నాయి. ఇంకేం, మర్నాటి నుంచి పొద్దున పెట్టి సాయంత్రం దాకా అదే తిప్పాను. నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో ఇంట్లో పడుకుంటే, ఆవిడ నోరు మాత్రం చేలో కాపలా కాసింది.

వారం తిరగకుండానే కోతులకు తెలివొచ్చింది. ఒక గండుకోతి తీరిగ్గా మంచె ఎక్కి, సొరబుర్రకు వీపు ఆనించి, తిట్లు వింటూ కంకి ఒలుచుకుంది. కింద మందంతా విందు చేసుకుంది. రేకు డబ్బా కొట్టినా, మట్టిగడ్డలు విసిరినా కదిలితేనా! ఒక మూలంతా బోడిగా మిగిలింది. ఖమ్మం పోయినట్టేనని, బుర్రను ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పక్కచేను బాబాయి (నాన్నకు చిన్నాన్న కొడుకు) మా అరుగు మీద నాయనమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీకో దండం. ఇన్ని రోజుల సంది పొద్దంతా తిడితివి. నాకు బువ్వ కూడా సయిస్తలేదు. గట్టు మీ దిక్కు జరిపిన మాట నిజమే. ట్రాక్టరోడు జర ఇటు దున్నిండు, నేను ఊకున్న. ఆ సాళ్లు మీవే, కంకులతో సహా కోసుకోండ్రి. ఇగ తిట్టుడు ఆపే!"

నాయనమ్మకు ముక్క అర్థం కాలేదు. అయినా ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా, "అవ్, ఇప్పటికైనా బుద్ధొచ్చింది. గట్టు ఎక్కడుండేనో అక్కడ పెట్టు" అంది గంభీరంగా. బాబాయి వెళ్లాక నా చెవి పట్టుకుని, "నేనెప్పుడు తిట్టిన్నే వాణ్ని?" అని అడిగింది. నేను సొరబుర్ర చూపించాను. నాన్న అరుగు మీదే కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కోతులు తిన్నది ఆ సాళ్ల కంకులతో పూడింది. నేను ఖమ్మం బస్సెక్కాను.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ పాటల డబ్బా కూడా ఎప్పుడో పాడైంది గానీ, ఆ తిట్లు ఒక్కసారి మళ్లీ వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. మొన్న మా ఆయన ఖరీదైన స్పీకర్లు తెచ్చి, గోడలు అదిరేలా పాట పెట్టి, "బేస్ ఎట్లుంది?" అని గర్వంగా అడిగాడు. మంచె మీద ఏడుస్తూ కూర్చున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వాగలేదు.

"బాగనే ఉంది గానీ," అన్నాను, "దీనికి గట్టు జరగదు."