మేకుకు మిగిలిన బిళ్ల

పాత కంప్యూటర్ డబ్బా మూత విప్పితే మా ఊళ్లో ముందుగా ముక్కుకు తగిలేది బొగ్గు ధూళి. ఈ ఉదయం కూడా అంతే. ఒక బడివాళ్లు మూలన పడేసిన యంత్రాన్ని తెచ్చి మా కాలనీ హాల్లో నా బల్ల మీద పెట్టి వెళ్లారు. బ్రష్షుతో ఫ్యాను రెక్కలు దులిపి, నల్లబడ్డ చేతులు గుడ్డకు తుడుచుకుని స్విచ్ వేశాను. ఏళ్లనాటి దుమ్ము వేడెక్కి కమురు వాసన వచ్చింది. నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మిణుకు మిణుకుమంటూ ఉండిపోయింది, ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. వెంటనే నా కుడికాలు ఊగడం మొదలైంది. ముప్పై ఐదేళ్లొచ్చాయి, ఈ కాలికి ఇంకా బుద్ధి రాలేదు. ఓదెలు కాక ఉంటే "కాలు ఆపు బిడ్డా, బల్ల ఊగుతున్నది" అనేవాడు. కాక పోయి రెండేళ్లయింది.

మీకు ఓదెలు కాక తెలియదు. గోదావరిఖనిలోనే మా కాలనీ దాటితే ఎవరికీ తెలియదు. ఉద్యోగమంతా ఒక భూగర్భ గని ల్యాంపు రూములోనే చేశాడు. గనిలోకి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకుంటాడు. బిళ్లను అతని మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చి దీపం అప్పజెప్పాకే బిళ్ల మేకు దిగుతుంది. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కాక జీవితమంతా దీపాల బ్యాటరీలు ఛార్జింగు పెడుతూ, ఆ మేకుల వైపు చూస్తూ గడిచింది. రిటైరైన ఏడాది, గని ఆఫీసువాళ్లు మా కాలనీ కమ్యూనిటీ హాలుకు వాడి పడేసిన ఎనిమిది కంప్యూటర్లు ఇస్తే, తాళంచెవి అడిగి తీసుకున్నది ఆయనే. వాటిని నడిపే పాత సిస్టం సాఫ్ట్‌వేర్ ఎప్పుడో చచ్చిపోయింది. ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోగలిగే సిస్టం ఒకటి ఉంటుందని, పాత యంత్రాల్లోనూ నడుస్తుందని ఎవరో చెప్తే విని, అది దింపిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని తిరిగేవాడు.

నేనప్పుడు హైదరాబాదులో రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మానేసి ఇంటికొచ్చి పడ్డాను. ఏ పనీ సగం దాటి చేసే ఓపిక లేదు. వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతుంటే మా అమ్మ విసిగిపోయింది. "నీ తిరుగుడు చూస్తుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్. పొయ్యి ఆ ఓదెలన్నకు సాయం చెయ్యి" అని వెళ్లగొట్టింది. అట్లా వెళ్లాను. అంతకుమించి గొప్ప ఆశయమేమీ లేదు.

మొదటి వారంలోనే గొడవపడ్డాం. మూడో నంబరు యంత్రం పెన్‌డ్రైవ్ పెట్టగానే కాసేపు బతికి, తెర నల్లబడి ఆగిపోయేది. నేను సిస్టంను నాలుగుసార్లు మళ్లీ మళ్లీ ఎక్కించాను. ఐదోసారి చిరాకొచ్చి మెమరీ పట్టీ మార్చి, హార్డ్‌డిస్క్ వైరు మార్చి, పెన్‌డ్రైవ్ కూడా ఇంకోటి పెట్టాను. లేచింది. గెలిచినట్టు కాక వైపు చూశాను.

"దేనితోటి లేచింది?" అన్నాడు.

"ఏదో ఒకదానితో లేచింది గద కాకా."

"ఏదో ఒకటి అంటే నీకు తెల్వదన్నట్టే. మళ్ల పడితే ఏం జేస్తవ్? అన్నీ ఎక్కడియక్కడ పెట్టు. ఒక్కటి మార్చు. చూడు. ఇంకోటి మార్చు."

నాకు ఒళ్లు మండింది. లేచి కూర్చున్న యంత్రాన్ని మళ్లీ పడుకోబెట్టమంటాడేమిటి అనుకున్నాను. అయినా పెట్టించాడు. చివరికి తేలింది మెమరీ పట్టీ సంగతి. దాని అంచున బొగ్గు పొర పేరుకుపోయింది. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది పెడితే, పాత పట్టీతోనే హాయిగా లేచింది. కాకకు ఇంగ్లిషు అంతంతమాత్రం. యంత్రం ఆగిపోయినప్పుడల్లా తెర మీది చివరి వరుసను నోట్‌బుక్కులో బొమ్మ గీసినట్టు అక్షరం అక్షరం గీసుకునేవాడు. "అది ఏమన్నదో రాసుకున్నంకనే ముట్టు" అనేవాడు. నేను ఆ వరుస చదవకముందే స్విచ్ ఆపేసే రకం.

గోడకు ఒక చెక్క కొట్టి, దాని మీద ఎనిమిది మేకులు కొట్టాడు. ల్యాంపు రూములో పనికిరావని పక్కన పడేసిన బిళ్లలు తెచ్చి యంత్రానికొకటి ఇచ్చాడు. యంత్రం విప్పితే దాని బిళ్ల మేకుకు ఎక్కాలి. అది తనంతట తాను లేచాకే దిగాలి. లేవడమంటే మామూలుగా కాదు. కరెంటు తీగ పూర్తిగా పీకి, కాసేపు వదిలేసి, మళ్లీ పెట్టినప్పుడు ఎవరి చెయ్యీ పడకుండా లేవాలి. నాకిదంతా చాదస్తం అనిపించింది, ఆ మాట ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వాడు.

ఇంతలో గని కార్మిక కుటుంబాల సంక్షేమం చూసే ఆఫీసరు కబురు పెట్టాడు. సోమవారం వచ్చి చూస్తానని, ఎనిమిదీ నడుస్తుంటే యంత్రానికిద్దరు చొప్పున పదహారు మంది అమ్మాయిలకు కంప్యూటర్ నేర్పే బ్యాచ్ మొదలుపెడతానని, నడవకపోతే గది ఆటసామాన్లకు ఇచ్చేస్తానని. పదహారు పేర్లూ గోడకు అంటించాం. చివరి పేరు స్వప్న. నస్పూర్ నుంచి గోదావరి దాటి బస్సులో వచ్చి మూడుసార్లు అడిగి వెళ్లింది. అంతకుముందు ఏదో ఉద్యోగానికి పరీక్ష రాసింది. పరీక్ష కంప్యూటర్ మీద పెట్టారు. ఆ అమ్మాయి జన్మలో మౌస్ ముట్టలేదు. "జవాబులు తెలుసక్కా. ఆ బాణం గుర్తు నేనన్న దగ్గరికి పోలె" అని చెప్తూ నవ్వింది, కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ గది నిలబడాలని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది ఆ రోజే.

ఆదివారం మధ్యాహ్నానికి ఐదు లేచాయి. మిగతా మూడింటికీ ఒకటే రోగం. ప్రతి కంప్యూటర్‌లోనూ నాణెమంత సెల్లు ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీని, డిస్కు సంగతిని గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోతే, తీగ పీకిన ప్రతిసారీ యంత్రం అన్నీ మరిచిపోయి, తాను తయారైన ఏడాదికి వెళ్లిపోయి, తనలో డిస్కే లేదంటుంది. నేను తెచ్చిన సెల్లులు ఐదే. దుకాణాలు మూసి ఉన్నాయి. కాకతో ఒక్క మాట చెప్తే గడియారాలు బాగుచేసే ఆయన ఇంటికి వెళ్లి తలుపు తట్టేవాడు. నాకా ఓపిక లేకపోయింది. అయిపోవాలి, అంతే. మూడింటిలోనూ తేదీ చేత్తో దిద్ది, డిస్కు చూపించి, తీగ పీకకుండా ఊరికే బటన్‌తో ఆపి, మళ్లీ వేశాను. లేచాయి. మూడు బిళ్లలూ దించేశాను.

కాక వచ్చి ఖాళీ మేకులు చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"తీగ పీకి చూసినవా?"

"చూసిన కాకా."

ఇంకేమీ అడగలేదు. అలవాటు ప్రకారం మెయిన్ ఆపి తాళం వేశాడు. అది ఎనిమిది తీగలూ పీకినట్టేనని నాకు అప్పుడు తట్టలేదు.

సోమవారం పొద్దున్న మెయిన్ వేస్తే ఐదు లేచాయి. మూడు నల్లటి తెరలతో డిస్కు లేదని నిలబడ్డాయి. గబగబా ఒకదాని ముందు కూర్చుని మళ్లీ చేత్తో దిద్దడం మొదలుపెట్టాను. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. బయట జీపు ఆగిన చప్పుడైంది. అంతలో కాక చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది.

"చూడలేదు గద?"

"కాకా, ఒక్క అరగంట నిలబడితే చాలు. సాయంత్రానికి సెల్లులు తెచ్చి ఏస్త. నీ కాళ్లు మొక్కుత."

ఆయన ఆ మూడు తెరల వంక చూశాడు. తర్వాత వెళ్లి మూడు బిళ్లలూ మళ్లీ మేకులకు తగిలించాడు.

ఆఫీసరు లోపలికి వచ్చి అటూ ఇటూ చూసి, "ఎనిమిదీ అయ్యాయన్నారు కదండీ?" అన్నాడు.

"ఐదు పైకొచ్చినయ్ సార్. మూడు ఇంకా కిందనే ఉన్నయ్" అన్నాడు కాక.

ఆఫీసరు కోప్పడలేదు. ఐదంటే పది మంది అని రాసుకున్నాడు. గది ఉంచుతానన్నాడు. గోడ మీది జాబితాలో కింది ఆరు పేర్లకు అడ్డంగా గీత కొట్టి, "వీళ్లు వచ్చే బ్యాచ్‌లో చూద్దామండీ" అని వెళ్లిపోయాడు. అమ్మాయిలందరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. స్వప్న జాబితా దగ్గరికి వచ్చి తన పేరు మీది గీత చూసుకుంది. బస్టాండు వైపు నడిచింది.

నేను కాక మీద విరుచుకుపడ్డాను. చేసిన తప్పు నాది, అరిచింది కూడా నేనే. "నీ బిళ్లల చాదస్తంతోటి ఆరుగురు పోయిన్రు. నువ్వు నోరు మూసుకుంటే పదహారు మంది కూసుందురు" అన్నాను. పెద్దమనిషిని పట్టుకుని నోరు మూసుకోమన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కాక బెంచీ మీద కూర్చుని చెప్పాడు. "పోశం అని ఒకడుండె. షిఫ్టు దిగంగనే బస్సుకు ఉరికేటోడు. దీపం తెల్లారి ఇచ్చుడు అలవాటు. ఒకనాడు లెక్కల ఒక్క దీపం తక్కువొచ్చింది. పోశందే ఉంటది, ఇంటికి పోయిండు అనుకున్న. నాకు జల్ది పోవాలె. బిళ్ల దించి, అందరు పైకొచ్చిన్రని సంతకం పెట్టిన. గాడు కిందనే ఉన్నడు బిడ్డా. కాలు మీద బండ పడ్డది. తర్వాతి షిఫ్టోళ్లు చూసేదాంక ఎవ్వరు దేవులాడలె. ఎందుకు దేవులాడ్తరు? బోర్డు మీద బిళ్ల లేకపాయె." పోశం బతికాడట. కాలు పోయింది. తర్వాత కాకను ఒక్కసారి కూడా తిట్టలేదట. అదే తనకు ఎక్కువ బాధ అన్నాడు.

మర్నాడే సెల్లులు వేశాం. మూడూ లేచాయి. ఆఫీసుకు పరుగెత్తితే, పేర్లు పై ఆఫీసుకు వెళ్లిపోయాయన్నారు. కాక ఊరుకోలేదు. "సార్ కాయిదం లేకుంటే ఏంది, కుర్చీలున్నయ్ గద" అని ఆరుగురికీ కబురు పంపాడు. వారం తిరిగేలోగా ఐదుగురు వచ్చారు. స్వప్న రాలేదు. బుధవారం నుంచే మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరిందని తెలిసింది. పేరు కొట్టేసిన రోజుకీ దానికీ రెండు రోజుల తేడా. ఆ సాయంత్రం కాక చెక్క మీద తొమ్మిదో మేకు కొట్టి, రిటైరైనా దాచుకున్న తన సొంత బిళ్లను దానికి తగిలించాడు.

"తప్పు నాది గద కాకా, నీ బిళ్ల ఎందుకు?" అన్నాను.

"నువ్వు అబద్ధమాడినవ్. నేను అడిగి ఊకున్న, చూడలె. పోశం తర్వాత రెండోసారి గిట్ల చేసిన. ఆ పిల్ల వచ్చేదాంక ఇది దిగద్దు."

పోయేదాకా ప్రతి కొత్త బ్యాచ్ మొదటి రోజున వచ్చి గుమ్మంలో నిలబడి "ఆ పిల్ల వచ్చిందా?" అని అడిగేవాడు. ఆ రోజు ఆయన చేసింది ఒప్పేనా అని నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను. కొన్ని రోజులు ఒప్పే అనిపిస్తుంది. కొన్ని రోజులు ఆ అరగంట నాకు ఇచ్చి ఉండాల్సింది అనిపించి నిద్ర పట్టదు. ఒక్కటి మాత్రం మారింది. యంత్రం లేచిందని ఎవరు చెప్పినా నమ్మను. నేను చెప్పినా సరే, తీగ పీకి చూసుకుంటాను.

ప్రతి జూన్‌లో స్వప్నకు ఫోన్ చేస్తాను. "ఈసారి చూస్త అక్కా" అనేది. పోయినసారి మాత్రం, అదే దుకాణంలో బిల్లు కౌంటర్‌లో కంప్యూటర్ ముందే కూర్చుంటున్నానని, పనిలోనే నేర్చుకున్నానని చెప్పింది. ఫోన్ పెట్టేసి లేచి వెళ్లి కాక బిళ్ల మీద చెయ్యి వేశాను. దించలేకపోయాను. చెప్పగా విన్నానే తప్ప నేను చూడలేదు.

బడివాళ్ల యంత్రం మధ్యాహ్నానికి లేచింది. దీనికీ సెల్లే. తీగ పీకి, కాలు ఊపుకుంటూ కూర్చుని, మళ్లీ పెట్టి చూసి, దానికని ఎక్కించిన బిళ్ల దించాను. చెక్క మీద ఇప్పుడు కాకది ఒక్కటే ఉంది. స్వప్న దుకాణమున్న మంచిర్యాలకు బస్సు మా హాలు ముందు నుంచే పోతుంది, ఇందాక కూడా ఒకటి ఆగి వెళ్లింది. ఒక్కచోట కుదురుగా కూర్చోలేని నేను, ఇన్నేళ్లుగా ఆ ఒక్క బస్సు ఎక్కలేకపోతున్నాను.