ఎవరు చెప్పారో కూడా రాసే ఇన్షిరాహ్

కొండ మీది సల్త్ ఊరి మెట్ల వీధుల్లో నర్సు ఇన్షిరాహ్ ఎవరింటికి వెళ్తోందో చూడకుండా కిటికీ మూసుకునే ఆడది ఒక్కతీ లేదు. ఆవిడ వచ్చిందంటే ఆ ఇంట్లో పసిబిడ్డకు నయంకాని జబ్బు ఉన్నట్టే. అలాగని చేతిలో సూదీ ఉండదు, మందుల పెట్టే ఉండదు. కాగితాలు పెట్టుకున్న ఒక అట్ట, మెడలో దారానికి వేలాడే పెన్సిలు, అంతే.

జబ్బు ముదిరినప్పుడు బిడ్డకు ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఎక్కడ ఉంచాలి, ఆ బిడ్డకు అన్నిటికన్నా ఏది ముఖ్యం అనేవి ముందే మాట్లాడుకుని రాసిపెట్టే కాగితం అది. డాక్టరు సంతకం పెట్టాక ఒకటి ఆసుపత్రిలో ఉంటుంది, ఇంకొకటి ఇంటి గోడకు అంటిస్తారు. అంబులెన్సు వచ్చినా, కొత్త డాక్టరు వచ్చినా దాని ప్రకారమే నడుచుకోవాలి. మిగతా నర్సులు గళ్ళలో టిక్కులు కొట్టి పావుగంటలో లేచిపోతారు. ఇన్షిరాహ్ నాలుగైదుసార్లు వస్తుంది. బిడ్డ పొద్దున్నే ఏం తింటుందని మొదలుపెడుతుంది. అన్న మాట అన్నట్టే రాసి, ఎవరన్నారో పక్కన పేరు రాసి, అందరి ముందూ చదివి వినిపిస్తుంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. పెళ్ళెందుకు చేసుకోలేదే అని అడిగితే, "చూడ్డానికొచ్చిన ముగ్గుర్నీ నీకేది ముఖ్యమని అడిగానక్కా. ముగ్గురూ నీళ్ళు నమిలారు," అని నవ్వేస్తుంది.

ఒక ఏడాది చలికాలంలో ఆవిడ హాజీ మిత్‌ఖాల్ ఇంటికి వెళ్ళింది. ఆయన మనవరాలు రువైదాకు తొమ్మిదేళ్ళు. బ్లడ్ క్యాన్సర్ మూడోసారి తిరగబెట్టింది, ఇక మందు పనిచేయదని డాక్టర్లు చెప్పేశారు. తండ్రి అకబా రేవు నుంచి లారీ తోలుతాడు. అతనిది ఒకటే మాట: మా నాన్న ఎలా అంటే అలా. తల్లి ఫిద్దా తలుపు చాటున నిలబడేది.

మూడుసార్లు వెళ్ళినా కాగితం మీద ఒక్క పేరే పడింది. "గొట్టాలేస్తారా, వేయండి. యంత్రం మీద పెడతారా, పెట్టండి. మిత్‌ఖాల్ మనవరాల్ని గాలికొదిలేశాడని ఈ ఊరు అనకూడదు," అన్నాడు ముసలాయన.

ఆదివారం డాక్టరు సంతకం. అది పడిందంటే ఆ మాటే ఖాయం. ఊపిరందని రోజున అంబులెన్సు బండి వచ్చి పిల్లను ఆసుపత్రిలో గాజు తలుపుల గదిలోకి పట్టుకుపోతుంది. అక్కడ తల్లినైనా రోజుకు అరగంటే రానిస్తారు. ఫిద్దా కళ్ళలో ఏదో ఉందని ఇన్షిరాహ్‌కు తెలుసు. కళ్ళలో ఉన్నదాన్ని కాగితం మీద ఎలా రాస్తుంది?

గురువారం మళ్ళీ వెళ్ళింది. హాజీ స్వయంగా యాలకుల కాఫీ వంచి చిన్న కప్పు అందించాడు. అదే సమయానికి ఒళ్ళో కాగితాలు జారాయి. ఆవిడ కప్పు కింద పెట్టేసి వాటిని పట్టుకుంది.

గదిలో మాటలాగిపోయాయి. మా అరబ్బుల వైపు అతిథి కాఫీ ముట్టకుండా ముందు పెట్టాడంటే ఏదో కోరి వచ్చాడని అర్థం. ఇంటాయన సరే అనేదాకా తాగడు. పిల్లనడగడానికైనా, హత్యకు రాజీ కోసమైనా పెద్దమనుషులు కట్టగట్టుకొచ్చి చేసే పని అది. ఒక నర్సు ఒంటరిగా వచ్చి చేయడం హాజీ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"కాఫీ తాగు బిడ్డా, నువ్వొచ్చిన పని అయినట్టే," అలవాటు కొద్దీ మాట జారిపోయింది. జారాక ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యో హాజీ, కాగితాలు పడిపోతుంటే పెట్టానంతే."

"ఎందుకైతేనేం, మాటిచ్చేశాగా! ఇచ్చింది మింగేవాడిలా కనిపిస్తున్నానా? అడుగు."

గొట్టాలొద్దని రాయించమంటే ఆ పూటే పని అయిపోయేది. ఆవిడ అదడగలేదు.

"ఒక్క అరగంట ఇక్కడే కూర్చోండి. నేనేం అడిగినా మీరు మాత్రం జవాబు చెప్పకూడదు."

"అంతేనా?"

"అంతే."

"దీనికన్నా ఒంటెనడిగుంటే తేలిగ్గా పోయేది," అని గొణుక్కుని ముసలాయన తివాచీ వంక చూస్తూ కూర్చున్నాడు.

ఫిద్దా లోపలికొచ్చింది. మామగారి వైపు రెండుసార్లు చూసింది. "దాన్ని ఒంటరిగా ఉంచకండి. కళ్ళు తెరిచినప్పుడల్లా నా మొహం కనబడాలి. ఇంకేం వద్దు," అంది.

కుంపటి పక్కన దుప్పట్లోంచి రువైదా గొంతు లేచింది. "నన్నడగరేం?"

"నీ దగ్గరికే వస్తున్నా తల్లీ. నీకేది ముఖ్యం?"

"నేను రాగానే అందరూ మాటలాపేస్తున్నారు. ఆపొద్దు. మా మేనత్తయితే నవ్వు కూడా మింగేస్తోంది. గాజు గదిలోకి నేను పోను. పోయినసారి తాతని రానివ్వలేదు, బయట కూర్చుని ఏడ్చాడు."

"నేనేడవలేదు!"

"అరగంట కాలేదు హాజీ," అంది ఇన్షిరాహ్, తలెత్తకుండా రాస్తూనే. "మరి రక్తం ఎక్కించాలంటే?"

"లేచి కూర్చునే ఓపికొస్తే ఎక్కించండి. ఊరికే అయితే పొడవద్దు."

"ఊపిరాడనప్పుడో?"

"దానికి మందివ్వండి. ఇక్కడే, అమ్మ ఒళ్ళో."

ఇన్షిరాహ్ పేర్లతో సహా అంతా చదివి వినిపించింది. అరగంట దాటాక హాజీ తివాచీ మీంచి తలెత్తాడు. "నా మాట చెరిపెయ్," అన్నాడు.

"ఎందుకు చెరపాలి హాజీ? మీదీ మాటే."

"అయితే మార్చి రాయి. పిల్ల చెప్పినట్టే జరగాలని రాయి. ఊరికి జవాబు నేను చెప్పుకుంటా."

మూడు వారాలకు ఒక పొద్దున రువైదాకు ఊపిరి అందలేదు. ఫిద్దా కంగారులో బండిని పిలిచేసింది. వచ్చిన ఇద్దరూ గోడ మీది కాగితం చదివి స్ట్రెచర్ బయటే ఆపేశారు. నాలుక కింద మందు వేసి, తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, కిటికీ తెరిచారు. ఎగశ్వాస మెల్లగా నెమ్మదించింది.

గుమ్మంలోంచి హాజీ చెల్లెలు అరిచింది. "పిల్లని ఇంకా బండెక్కించరేం? నీకు గుండె లేదా అన్నయ్యా?"

"ఉంది కాబట్టే ఎక్కించట్లేదు," అన్నాడు హాజీ, వీధి వీధంతా వినబడేలా.

వెళ్ళబోతున్న డ్రైవరును రువైదా ఆపింది. "బాబాయ్, వెళ్ళేటప్పుడు సైరన్ మోగిస్తావా?"

"లోపల మనిషుంటేనే మోగించాలి తల్లీ."

హాజీ అతని వంక చూశాడు. డ్రైవరు తల గోక్కున్నాడు. ఖాళీ బండి మోగుకుంటూ కొండ దిగింది.