దిమ్మె వెనక నాలుగు గుంతలు

నా చిన్నప్పుడు, ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ వైపంతా బండరాళ్ల గుట్టలే. లింగంపల్లి దగ్గర మా నాయన, తాత రాయి కొట్టేవారు. వరసగా గుంతలు తొలిచి, ఇనుప చీలలు దించి, సమ్మెటతో కొడితే బండ రెండుగా విడిపోయేది. విడిన రెండు ముఖాల మీదా సగం సగం గుంతలు మిగిలేవి.

నాంపల్లిలో పెద్ద ఆఫీసుల మధ్య ఒక పెద్దమనిషి విగ్రహం పెడుతున్నామని, దాని దిమ్మెకు రాయి కావాలన్నారు. ఆ రాయి చీల్చిన సాయంత్రమే పైనున్న గుండు దొర్లి మా నాయన పోయాడు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ముఖం కూడా నాకిప్పుడు సరిగా గుర్తు రాదు.

దిమ్మెను తాతే చెక్కాడు. అంతా నున్నగా చేసి, వెనక అడుగున జానెడు మేర మాత్రం ఉలి ఆనించలేదు. గుత్తేదారు అడిగితే, అక్కడ ముట్టుకుంటే రాయి పగులుతుందన్నాడు. మా తాత నోట నేను విన్న మొదటి అబద్ధం అది.

ఆవిష్కరణ రోజు నన్ను రైలెక్కించి తీసుకెళ్లాడు. మమ్మల్ని తాడు అవతలే నిలబెట్టారు. వేదిక మీద పూలదండలు తెచ్చినవాడికి కూడా కృతజ్ఞతలు చెప్పారు. రాయి కొట్టినవాళ్ల ఊసే లేదు. అది నేను మర్చిపోలేదు, మర్చిపోను. జనం వెళ్లాక దగ్గరికి పోబోతే కాపలా మనిషి అడ్డం వచ్చాడు.

"ఏయ్ ముసలోడా, ఏడికి? ఇదేమన్న మీ గుట్టనా?"

తాత సంచిలోంచి చిన్న సుత్తి తీశాడు. "దిమ్మె కదుల్తుందేమో జర చూసిపోతా సాబ్. రేపు ఒరిగితే నిన్నే అడుగుతరు."

అది రెండో అబద్ధం.

"జల్దీ కానియ్," అని వాడు తాడు ఎత్తాడు.

తాత నన్ను వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. నా నాలుగు వేళ్లు నాలుగు సగం గుంతల్లో పెట్టించాడు. "మీ నాయన చేతి పని, బిడ్డా. మంచిగ పట్టుకో." నేను పట్టుకున్నంతసేపూ పక్కన సుత్తితో రాయి మీద కొడుతూనే ఉన్నాడు, తన ఏడుపు కాపలావాడికి వినబడకుండా.

తర్వాతెప్పుడో ఆ గుంతల్ని సిమెంటుతో పూడ్చి రంగు వేశారు. ఆ సిమెంటు తీసేయమని ఆఫీసుల్లో అర్జీ మీద అర్జీ పెట్టాను. "సొట్టలు సరిచేశాం కదమ్మా, ఇంకేం కావాలి మీకు?" అన్నారు. తాతయితే తల దించుకుని వచ్చేసేవాడేమో. నేను రాస్తూనే ఉన్నాను.

ఏడాదికోసారి మియాపూర్ నుంచి తాత సుత్తి సంచిలో వేసుకుని వెళ్తాను. వెనక్కి వెళ్లి, వంగి, మెల్లగా తడతాను. రాయి గంటలా మోగుతుంది. నాలుగు చోట్ల మాత్రం మోగదు. అక్కడ వేళ్లు ఆనించి కూర్చుంటాను. కాపలావాళ్లు వచ్చి అడిగితే, దిమ్మె కదులుతోందేమో చూస్తున్నానని చెబుతాను.